గర్భవతులకు జన్యు పరీక్షలు: అడగవలసిన ప్రశ్న ఒకటి, అమ్ముతున్న జవాబు మరొకటి

రెండేళ్ల క్రితం వర్షాకాలంలో ఒక సాయంత్రం జ్యోతినగర్‌లోని మా ఇంటికి యువ దంపతులు ఇద్దరు వచ్చారు. ఆమెకు ఇరవై మూడేళ్లు. తొలి కాన్పు, పదునాలుగవ వారం నడుస్తున్నది. అతడు ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు కార్మికుడు, ఆమెకు మేనమామ కొడుకే. "మేనరికం కదా, బిడ్డకు లోపాలు ఉండవచ్చు, ఈ పరీక్ష చేయించుకోండి" అని ఎవరో చెప్పగా, పుస్తెలతాడు కుదువబెట్టి ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్ష చేయించుకున్నారు. రిపోర్టులో ఒక వరుస మాత్రం ఎర్ర అక్షరాలతో ఉన్నది: ట్రైసోమీ 21, హై రిస్క్. వారు నా వద్దకు వచ్చినది ఆ పరీక్షకు అర్థమేమిటని అడగడానికి కాదు. "సార్, కడిగించుకుందామనుకుంటున్నం. ఏడికి పోతే మంచిగుంటది?" అని అడగడానికి.

వారిని ఆపడానికి నాకు గంటన్నర పట్టింది. హైదరాబాదులో జన్యువైద్య నిపుణుల వద్దకు పంపాను. పదహారవ వారంలో ఉమ్మనీరు తీసి పరీక్షించారు. బిడ్డ క్రోమోజోములు సక్రమంగా ఉన్నాయి. ఆ పాప ఇప్పుడు నడుస్తున్నది, నా బల్ల మీది స్టెతస్కోపును లాగి కింద పడవేసే వయస్సు.

కథ సుఖాంతమే కదా అని మీరు అనవచ్చు. నాకు ఈనాటికీ కోపం తగ్గకపోవడానికి కారణం వేరు. ఆ దంపతుల భయం మేనరికాన్ని గురించి. మేనరికంలో పెరిగే జబ్బులు వేరు, ఎన్‌ఐపీటీ చూసే జబ్బులు వేరు. డౌన్ సిండ్రోమ్ మేనరికం వలన పెరిగే జబ్బు కాదు. మేనరికం వలన పెరిగే థలసీమియా, సికిల్ సెల్ రక్తహీనత, పుట్టుచెవుడు, కండరాల క్షీణత వంటి జబ్బులను మామూలుగా అమ్ముతున్న ఎన్‌ఐపీటీ చూడదు. అంటే ఆ పిల్ల తాళి తాకట్టు పెట్టి, తన ప్రశ్నకు సంబంధం లేని జవాబును కొనుక్కున్నది. ఆ జవాబు కూడా తప్పయినది. అసలు ప్రశ్నకు జవాబు చెప్పగల హీమోగ్లోబిన్ పరీక్ష, కొన్ని వందల రూపాయలలో అయ్యేది, ఆమెకు ఎవరూ చేయలేదు. నేను చేయించాను. ఆమె థలసీమియా వాహకురాలు. భర్త కాదు. అందువలన బిడ్డకు ఆ ప్రమాదం లేదు. అతడు కూడా వాహకుడైతే, ఎర్ర అక్షరాలు లేని రిపోర్టును చేతబట్టుకొని, అంతా క్షేమమని నమ్మి, ఆ దంపతులు నేరుగా ఆ గోతిలో పడి ఉండేవారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదే. జన్యు పరీక్షలను వద్దనడం నా ఉద్దేశం కాదు. మన ప్రాంతంలో అవి తలక్రిందులుగా జరుగుతున్నాయి. ముందు చేయవలసిన చవక పరీక్ష జరగడం లేదు, అవసరమున్న కొందరికే చేయవలసిన ఖరీదైన పరీక్ష అందరికీ అంటగట్టబడుతున్నది.

ఎన్‌ఐపీటీ ఏమిటో ముందు తెలుసుకుందాం. గర్భవతి రక్తంలో శిశువుకు సంబంధించిన డీఎన్‌ఏ తునకలు తేలియాడుతుంటాయని డెనిస్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1997లో కనుగొన్నారు. అది గొప్ప ఆవిష్కరణ, అందులో సందేహం లేదు. 2011 నుండి దీని మీద ఆధారపడిన పరీక్షలు విపణిలోకి వచ్చాయి. పదవ వారం దాటిన తరువాత తల్లి చేతి నుండి కొద్దిపాటి రక్తం తీసి, 21, 18, 13 క్రోమోజోములు అదనంగా ఉన్నాయేమోనని చూస్తారు. సూది గర్భంలోకి పోదు కనుక గర్భస్రావ భయం లేదు. ఇంతవరకూ మంచిదే.

అయితే ఆ తునకలు నేరుగా బిడ్డ నుండి రావు, ప్రధానంగా మాయ నుండి వస్తాయి. మాయ, బిడ్డ ఒకే పిండం నుండి ఏర్పడినా, ఒక్కొక్కసారి మాయలో కొన్ని కణాలకు ఉన్న లోపం బిడ్డలో ఉండదు. మొదట కవలలుగా ఏర్పడి అందులో ఒక పిండం తొలి వారాలలోనే కరిగిపోయిన సందర్భాలున్నాయి, ఆ పిండం డీఎన్‌ఏ కూడా పరీక్షను తప్పుదారి పట్టించగలదు. అరుదుగా తల్లిలోనే ఉన్న క్రోమోజోము తేడా బిడ్డదిగా కనిపిస్తుంది. అందుకే ఇది వడపోత పరీక్ష మాత్రమే, రోగనిర్ధారణ కాదు. జల్లెడ పట్టిన తరువాత పైన మిగిలినవన్నీ రాళ్లే కానక్కరలేదు, పెద్ద గింజలు కూడా ఉంటాయి.

"99 శాతం ఖచ్చితం" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు, కాని మీరు అనుకునే అర్థం దానికి లేదు. కొంచెం ఓపికగా ఈ లెక్క చూడండి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల స్త్రీలు లక్షమంది ఈ పరీక్ష చేయించుకున్నారనుకుందాం. ఆ వయస్సులో డౌన్ సిండ్రోమ్ శిశువు ఉండే అవకాశం సుమారు 1,250 మందిలో ఒకరికి. అంటే లక్షలో 80 మంది. పరీక్ష వారిలో 79 మందిని పట్టుకుంటుంది. 99 శాతమంటే అదే. మిగిలిన 99,920 మందిలో, వెయ్యికి ఒకరి చొప్పున పొరపాటు జరిగిందనుకుంటే, సుమారు వందమందికి బిడ్డ బాగున్నా "హై రిస్క్" అని వస్తుంది. మొత్తం ఎర్ర అక్షరాల రిపోర్టులు 179. అందులో నిజమైనవి 79. వందకు నలభై నాలుగు! సగం కంటే తక్కువ. అదే పరీక్ష నలభై ఏళ్ల స్త్రీలకు చేస్తే, ఆ వయస్సులో అవకాశం వందలో ఒకరికి కనుక, లక్షలో వెయ్యిమంది ఉంటారు. 990 నిజాలు, 99 పొరపాట్లు. అప్పుడు వందకు తొంభై ఒకటి నిజమవుతాయి. యంత్రం అదే, రసాయనాలు అవే, "99 శాతం" కూడా అదే. ఎవరికి చేస్తున్నామన్నదే తేడా.

మన బొగ్గుబెల్టులో మొదటి కాన్పులు ఏ వయస్సులో జరుగుతున్నాయో మీకు తెలుసు.

దీనికి తోడు "అడ్వాన్స్‌డ్", "ప్లస్" అని పేర్లు తగిలించి, క్రోమోజోములలో చిన్న చిన్న ముక్కలు లోపించే అత్యంత అరుదైన జబ్బులను కూడా చూస్తామని మరికొంత సొమ్ము తీసుకుంటారు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అమెరికాలో ఇటువంటి అయిదు పరీక్షలను పరిశీలించి, ప్రమాదమని వచ్చిన ఫలితాలలో దాదాపు 85 శాతం తప్పులని ప్రచురించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. కేవలం ఈ వడపోత ఫలితాన్ని చూసి కొందరు గర్భస్రావం చేయించుకున్నట్లు తమ దృష్టికి వచ్చిందని అందులో చెప్పింది. అంతటి వైద్య వ్యవస్థ ఉన్న దేశంలోనే ఆ గతి పడితే, రిపోర్టును విడమరచి చెప్పే మనిషి ఊళ్లో లేని మన చోట ఏమి జరుగుతుందో ఊహించుకోండి.

ఈ మాటలు నేను ఒక వైద్య మిత్రునితో అన్నప్పుడు ఆయన నవ్వి, "సమాచారం ఎక్కువైతే ఎవరికి నష్టం? సొమ్ము ఉన్నవాళ్లు చేయించుకుంటారు, నీకెందుకు?" అన్నాడు. నాకెందుకంటే, సొమ్ము ఉన్నవాళ్లే కాదు, లేనివాళ్లూ చేయించుకుంటున్నారు కనుక. అర్థం కాని సమాచారం సమాచారం కాదు కనుక. పదునాలుగు వారాల గర్భంతో ఉన్న పిల్లకు మూడు వారాలు నిద్రలేకుండా చేయడం కూడా నష్టమే కనుక. ఆ పిల్ల నా గుమ్మం తొక్కకుండా వేరే గుమ్మం తొక్కి ఉంటే?

ఇక చవక పరీక్ష సంగతి. ఇక్కడ ఇతరులను తప్పుపట్టే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ప్రభుత్వ సేవలో ఉన్న కాలంలో గర్భవతి హీమోగ్లోబిన్ తొమ్మిదో, తొమ్మిదిన్నరో ఉంటే చీటీ మీద ఐరన్ మాత్రలు రాసి పంపేవాడిని. రోజుకు వందల మంది వరుసలో ఉండేవారు. మూడు నెలల తరువాత కూడా అది పెరగకపోతే "మాత్రలు సరిగ్గా మింగడం లేదు" అని ఆమెనే కోప్పడేవాడిని. వారిలో కొందరు మాత్రలు క్రమం తప్పక మింగినవారేనని, వారి రక్తకణాలు పుట్టుకతోనే చిన్నవని, వారు థలసీమియా వాహకులని నాకు ఆలోచన రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మామూలు రక్తపరీక్ష కాగితంలోనే ఆ సూచన ఉంటుంది. ఎర్రకణం పరిమాణం, అంటే ఎంసీవీ, 80 కంటే తక్కువగా ఉంటే ఐరన్ లోపమైనా కావచ్చు, థలసీమియా లక్షణమైనా కావచ్చు. హెచ్‌పీఎల్‌సీ అనే హీమోగ్లోబిన్ పరీక్షలో ఏ2 శాతం పెరిగి ఉంటే వాహకురాలని తేలుతుంది. తీవ్రమైన ఐరన్ లోపం ఉన్నప్పుడు ఏ2 కొంత తగ్గి కనిపించవచ్చు కనుక, అనుమానముంటే మళ్లీ చేయాలి. అంతే. ఇది జీవితంలో ఒకసారి చేయించుకుంటే సరిపోయే పరీక్ష.

వాహకులు రోగులు కారు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు వాహకులే, వారు ఆరోగ్యంగా నూరేళ్లు బ్రతకవచ్చు. ఇద్దరు వాహకులు దంపతులైనప్పుడే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన థలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. "ప్రతి కాన్పులోనూ" అన్న మాటను దయచేసి గమనించండి. "ఒక బిడ్డకు వచ్చింది కదా, ఇక ముగ్గురికి రాదు" అని నాతో వాదించినవారు చాలామంది ఉన్నారు, చదువుకున్నవారు కూడా. నాణెం నిన్న బొరుసు పడినందున నేడు బొమ్మ పడాలని లేదు.

ఆ జబ్బుతో పుట్టిన బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, అదీ బ్రతికినంత కాలం. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకోకుండా రోజూ మందు మింగాలి. తెల్లవారుజామున బిడ్డను భుజాన వేసుకొని బస్సెక్కే తల్లులను మీరు రామగుండం స్టేషనులోనో, గోదావరిఖని బస్టాండులోనో చూసే ఉంటారు, ఎందుకు పోతున్నారో మీకు తెలిసి ఉండకపోవచ్చు. అటువంటి తల్లి ఒకామె నాకు తెలుసు. పెద్దబిడ్డకు తొమ్మిది నెలలప్పుడు జబ్బు బయటపడింది. అప్పటికే ఆమె మళ్లీ గర్భవతి, ఇరవై రెండవ వారం. పరీక్షకు పోవాలా, ఫలితం వచ్చేసరికి ఎన్ని వారాలవుతాయి, అప్పుడేమి చేయాలి? నేను చట్టం చెప్పాను, వైద్యం చెప్పాను. ఆమె ఏమీ వినలేదు, పొట్ట మీద చేయి పెట్టుకొని కూర్చున్నది. చివరకు పరీక్ష వద్దన్నది. రెండవ బిడ్డ తల్లిదండ్రుల వలెనే వాహకుడిగా మాత్రమే పుట్టాడు. ఆ దంపతులకు మొదటి కాన్పులో, ఎనిమిదవ వారంలో హెచ్‌పీఎల్‌సీ ఎవరైనా చేసి ఉంటే, పదకొండు పన్నెండు వారాలలో మాయ నుండి చిన్న ముక్క తీసి నిర్ధారించగలిగేవారు. నిర్ణయం ఆమెదే అయ్యేది, కాని నిర్ణయించుకొనే సమయం ఆమెకు ఉండేది.

గోదావరి అవతలకు, మంచిర్యాల దాటి ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు వెళితే సికిల్ సెల్ జబ్బు ఎదురవుతుంది. గోండు, కొలాం, పర్ధాన్ గూడేలలో అది తరతరాలుగా ఉన్నది. గిరిజనులలో పుట్టే 86 మంది శిశువులలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని కేంద్ర ప్రభుత్వ లెక్క. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. మంచి పని. కాని ఈ జన్యువు గూడెం దగ్గరే ఆగదు. దళిత, వెనుకబడిన కులాల వారిలోనూ కనిపిస్తుంది. గనుల కోసం అన్ని దిక్కుల నుండి వచ్చి స్థిరపడినవారి పట్టణాలు మనవి. సికిల్ వాహకులలో కణం పరిమాణం మామూలుగానే ఉండవచ్చు కనుక సాధారణ రక్తపరీక్ష దానిని పట్టదు, హెచ్‌పీఎల్‌సీ పడుతుంది. తల్లి థలసీమియా వాహకురాలై, తండ్రి సికిల్ వాహకుడైనా బిడ్డకు జబ్బు రావచ్చు. ఒకే పరీక్ష రెండింటినీ చూపుతున్నప్పుడు గర్భవతి మొదటిసారి వచ్చిన రోజునే ఎందుకు చేయకూడదు?

మేనరికాన్ని నిందించడం నాకు ఇష్టం లేదు, మా తాతముత్తాతలందరివీ మేనరికాలే. మేనమామ, మేనకోడలు తమ జన్యువులలో నాలుగవ వంతు, మేనబావ, మేనమరదలు ఎనిమిదవ వంతు పంచుకుంటారు. సాధారణ దంపతులకు పుట్టే శిశువులలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక జన్మతః లోపం ఉంటే, మేనబావ, మేనమరదళ్లలో అది మరి రెండు మూడు పెరుగుతుంది. మేనమామ, మేనకోడలైతే ఇంకొంచెం. అంటే నూటికి తొంభై మందికి పైగా ఆరోగ్యవంతులే. ఇంకొక సంగతి: దగ్గర బంధుత్వం లేకపోయినా, వందల ఏళ్లుగా కులంలోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వలన కొన్ని జన్యులోపాలు కొన్ని సముదాయాలలో పేరుకున్నాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన దీనినే చూపింది. ఒక రకం కండరాలను సడలించే మత్తుమందు వైశ్యులలో కొందరికి ప్రమాదమని మా తరం మత్తువైద్యులకు అనుభవంతోనే తెలుసు.

కనుక వరుస ఇలా ఉండాలి. వీలైతే పెళ్లికి ముందు, లేదా గర్భానికి ముందు, అదీ కాకపోతే గర్భం నిలిచిన తొలి వారాలలో తల్లికి హెచ్‌పీఎల్‌సీ. ఆమె వాహకురాలైతే వెంటనే భర్తకు. ఇద్దరూ వాహకులైతే జన్యు నిపుణుల సలహా. మన రాష్ట్రంలో నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉన్నది, సీడీఎఫ్‌డీ ఉన్నది, బేగంపేటలో జన్యువ్యాధుల సంస్థ ఉన్నది, హైదరాబాదు థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉన్నది. పదకొండు నుండి పదమూడు వారాల మధ్య ఎన్‌టీ స్కాను, దానితో డబుల్ మార్కర్. పద్ధెనిమిది, ఇరవై వారాల మధ్య టిఫా స్కాను. వెన్నుపాము లోపాలను ఎన్‌ఐపీటీ చూడదు, ఈ స్కాను చూస్తుంది. గర్భానికి ముందు నుండే మింగే ఫోలిక్ యాసిడ్ మాత్ర వాటిలో చాలావాటిని రానే రానివ్వదు. వయస్సు ముప్పై అయిదు దాటినవారికి, లేదా తొలి పరీక్షలలో అనుమానం వచ్చినవారికి ఎన్‌ఐపీటీ నిజంగా ఉపకరిస్తుంది, అనవసరమైన సూదిపోట్లను తగ్గిస్తుంది. అక్కడ దానిని నేనే రాస్తాను.

సూది పరీక్షలంటే మనవారికి ఉన్న భయం మాత్రం వాస్తవానికి మించినది. నేను చదువుకున్న రోజుల్లో ఉమ్మనీరు తీస్తే నూటికి ఒకరికి గర్భస్రావమని చెప్పేవారు. అనుభవజ్ఞుల చేతుల్లో అదనపు ప్రమాదం వెయ్యికి ఒకటి నుండి మూడు వరకేనని ఇటీవలి పరిశీలనలు చెబుతున్నాయి. అది సున్నా కాదు. కాని ఎర్ర అక్షరాలను నమ్మి ఆరోగ్యవంతమైన బిడ్డను పోగొట్టుకొనే ప్రమాదంతో పోల్చి చూడండి.

సైప్రస్ అనే చిన్న ద్వీపంలో ఏడుగురిలో ఒకరు థలసీమియా వాహకులు. అక్కడ పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకున్నట్లు పత్రం చూపమని చర్చి అడుగుతుంది. ఫలితమేమిటని అడగదు, పెళ్లి ఆపదు. ఆ జబ్బుతో పుట్టే బిడ్డల సంఖ్య అక్కడ దాదాపు సున్నాకు వచ్చింది. మనం నక్షత్రం, గణం, నాడి చూసుకుంటాం. నాడి కలవకపోతే సంతానానికి దోషమని సంబంధాలు వదులుకుంటాం. రక్తం చూద్దామంటే మాత్రం "పిల్లలో లోపముందని అంటున్నారా?" అని కయ్యానికి వస్తాం.

చట్టం గురించి రెండు మాటలు. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం నిర్వచనంలో గర్భవతి రక్తం ద్వారా శిశువు జన్యులోపాలను చూసే పరీక్షలు కూడా చేరి ఉన్నాయి. ముప్పై అయిదు దాటిన వయస్సు, రెండు లేక అంతకు మించిన గర్భస్రావాలు, హానికర మందులకో కిరణాలకో గురికావడం, కుటుంబంలో వంశపారంపర్య వ్యాధి వంటి కారణాలను ఆ చట్టం పేర్కొన్నది. ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఇరవై మూడేళ్ల పిల్లకూ చేయమని అందులో లేదు. పరీక్షకు ముందు దాని దుష్ఫలితాలన్నీ ఆమెకు వివరించాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి, ఆ పత్రం ప్రతిని ఆమెకు ఇవ్వాలి. అయిదవ సెక్షను ఇంత స్పష్టంగా చెబుతున్నది. నాకు చూపించిన కాగితాలలో తెలుగులో ఉన్నది ఒక్కటీ లేదు. మీ సంతకం కింద ఏమి రాసి ఉన్నదో చదివి వినిపించమని అడిగే హక్కు మీకున్నది, అడగండి. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం తీవ్రమైన లోపం నిర్ధారణ అయితే ఇరవై నాలుగు వారాలు దాటినా వైద్యమండలి అనుమతితో గర్భం తొలగించవచ్చు. నిర్ధారణ అయితే, అన్నాను. వడపోతలో తేలితే అనలేదు.

లోపం నిజంగానే నిర్ధారణ అయినప్పుడు ఏమి చేయాలో చెప్పడం నా పని కాదు, అత్తగారి పని కూడా కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలు నవ్వుతారు, బడికి పోతారు, తల్లిదండ్రులను ప్రేమిస్తారు. కొందరికి గుండెజబ్బు ఉంటుంది, జీవితాంతం తోడు కావాలి. ఆ తోడు భారం ఎవరి మీద పడుతుందో ఆమె నిర్ణయించుకోవాలి. బిడ్డను ఉంచుకున్న తల్లిని "తెలిసీ కన్నది" అని దెప్పిపొడిచేవారిని నేను చూశాను. పరీక్షలు పెరిగిన కొద్దీ ఆ దెప్పిపొడుపు కూడా పెరుగుతున్నది. ఇది ఏ రిపోర్టులోనూ రాయని దుష్ఫలితం.

థలసీమియా బిడ్డ తల్లి అని పైన చెప్పానే, మొన్న ఆమె చెల్లెలికి సంబంధం కుదిరింది. అక్క పట్టుబట్టి ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ చేయించి రిపోర్టులు నా వద్దకు తెచ్చింది. చెల్లెలు వాహకురాలు, అబ్బాయి కాదు. ఏ ఇబ్బందీ లేదని రెండు కుటుంబాలను కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాను. అందరూ తేలికపడ్డారు, పెళ్లి ముహూర్తం కూడా పెట్టుకున్నారు. వెళుతూ వెళుతూ అబ్బాయి తల్లి మాత్రం మళ్లీ వెనక్కి వచ్చి, "సార్, పిల్లకు గిట్లున్నదని మా వాళ్లకెవ్వరికీ చెప్పకుండ్రి" అని రెండుసార్లు చెప్పి పోయింది.